అక్క పెంచిన గొల్లభామ

గొల్లభామలను ఇంట్లో పెంచాలన్న ఆలోచన నాది. పెంచింది మాత్రం మా అక్క. చాలాకాలం నేను ఈ రెండో మాట ఎక్కడా చెప్పలేదు. కాలేజీలోనైనా చుట్టాల్లోనైనా ప్రస్తావన వస్తే “నేను పెంచిన” అనేవాణ్ణి. అక్క పక్కనే ఉన్నా అలాగే అనేవాణ్ణి.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా బొద్దింక కాళ్లూ వానపాము పేగులూ బోర్డు మీద గీస్తూ బతుకుతున్నాను. కానీ ఒక ప్రాణిని తెచ్చి సాకింది లేదు. చిన్నప్పుడు మా ఇంట్లో బర్రె ఉండేది. దాని పని కూడా అక్కే చూసేది.

ఆ ఏడు మాఘంలో తోటి లెక్చరర్ చెల్లెలి పెళ్లికి ఆదిలాబాద్ వైపు ఒక పల్లెకు పోయాను. పత్తి ఏరడం అయిపోయి, పీకేసిన కట్టె చేన్ల గట్ల మీద కుప్పలుగా ఉంది. భోజనాలు ఆలస్యమవుతుంటే ఊరికే అటు నడిచాను. ఒక కట్టెకు ఎండిపోయిన సబ్బు నురగలాంటి ముద్ద అతుక్కుని కనిపించింది. వేలి కణుపంత ఉంది. పుస్తకంలో బొమ్మగానే చూసిన వస్తువు చేతికి తగిలేసరికి ఒళ్లు ఝల్లుమన్నది. ఆ చేను రైతు అక్కడే ఉన్నాడు.

“గదెందుకు సార్? పొయ్యిల పెట్టే కట్టె గది” అన్నాడు.

“గొల్లభామ గుడ్ల గూడు. ముందటి కాళ్లు మడుసుకుని దండం పెడుతున్నట్టు కూసుంటదే, ఆకు రంగు పురుగు, దానిది.”

“గా దండం పురుగా? మా చేన్ల మస్తుంటయ్” అని, కట్టెను నా జేబుకు సరిపోయేంత విరిచి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి ఒక ఖాళీ పచ్చడి సీసాలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, ముందు గదిలో అరమీద పెట్టాను. పెట్టి మరిచిపోయాను. నెల దాటాక ఒక రోజు క్లాసులో ఉండగా అక్క ఫోను చేసింది.

“తమ్మీ, నీ సీసల చీమలు పుట్టినయ్.”

సాయంత్రం ఇంటికి పోయి చూస్తే వందకు పైగా పిల్లలు. చీమలంతే ఉన్నాయి గానీ ఒక్కొక్కటీ అప్పుడే ముందు కాళ్లు మడుచుకుని కూర్చుంది. అక్క సీసాకు ముఖం ఆనించి చూస్తోంది. “పుట్టుడు పుట్టుడే దండం పెడుతున్నయ్ సూడు. ఎవలకో?” అన్నది.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ధర్మపురి అవతల ఒక ఊరికి ఇచ్చారు. పిల్లలు కలగలేదు. బావ దుబాయిలో కట్టడం పనికి పోయి, ఐదో ఏట కంపెనీ క్యాంపులో నిద్రలోనే ప్రాణం విడిచాడు. పెట్టె రావడానికి ఇరవై రోజులు పట్టింది. హైదరాబాద్ విమానాశ్రయం నుంచి ఊరి దాకా అంబులెన్సులో ఆ పెట్టె పక్కన కూర్చుని వచ్చింది నేనే. దినాలు అయిన మర్నాడు చుట్టాలంతా వాకిట్లో ఉండగా అక్క అత్త, “నా కొడుకును మింగింది” అన్నది. అక్క తల వంచుకుని గిన్నెలు తోముతోంది, ఎత్తలేదు. నేను లేచి, “గా మాట ఇంకోసారంటే మంచిగుండదు” అన్నాను. ఆ సాయంత్రమే అక్కను బండి మీద ఎక్కించుకుని కరీంనగర్ తెచ్చేశాను.

ఆ సంగతి నేను ఎంతమందికి చెప్పానో. మొదట్లో కోపంతో చెప్పేవాణ్ణి. పోను పోను కొంచెం గొప్పగా చెప్పడం మొదలైంది. “గా మాట అన్నంక నేను ఒక్క గడియ గూడ ఉంచలే” అనేవాణ్ణి. అక్క వింటూ ఉండేది.

ఆమె బీడీలు చేస్తుంది. పొద్దున ఇంటి పనులయ్యాక ముందు గదిలో గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం. చూస్తున్నవాళ్లకు కళ్లు తిరగాలిగానీ ఆమె చేతులు ఆగేవి కావు. మా అమ్మాయి గురుకులంలో ఉండి చదువుకుంటోంది. నా భార్య అంగన్‌వాడీ టీచరు. నేను కాలేజీకి, ఆమె సెంటరుకు పోయాక పగలంతా ఇంట్లో అక్క ఒక్కతే.

గొల్లభామ పిల్లలను ఒకే సీసాలో ఉంచితే ఒకదాన్నొకటి తింటాయి. అందుకని ప్లాస్టిక్ గ్లాసులు తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక్క పిల్లను వేసి, పైన దోమతెర గుడ్డ కప్పి రబ్బరు బ్యాండ్లు వేశాను. అరటిపండు మగ్గబెట్టి దాని మీద ముసిరే సన్న ఈగలను పట్టి వెయ్యాలి. పొద్దునా సాయంత్రం నీళ్లు తుంపరగా చల్లాలి. నేను ఒక వారం చేశాను. తర్వాత ఇంటర్ పరీక్షల డ్యూటీ, ఆ తర్వాత పేపర్లు దిద్దే పని. నా బీరువా పక్కనున్న కొన్ని గ్లాసులు తప్ప, ఎవరూ చెప్పకుండానే ఆ పని అక్క చేతికి పోయింది.

రెండో వారంలో పిల్లలు చావడం మొదలైంది. ఎండ వల్లనుకున్నాను. అక్క మాత్రం రెండు రోజులు గమనించి నా దగ్గరికి వచ్చింది.

“తమ్మీ, నేను ముట్టిన గిలాసలల్లవే సచ్చిపోతున్నయ్. నీ బీరువ పక్కన ఉన్నయ్ మంచిగనే ఉన్నయ్. నా చేతుల తంబాకు గాదుగద?”

తంబాకులో ఉన్న విషం పురుగులను చంపుతుందని నేను ఏటా క్లాసులో చెబుతాను. ఒకప్పుడు పంటల మీద ఆ కషాయమే కొట్టేవారని కూడా చెబుతాను. అది నాకు తట్టలేదు. ఏడో తరగతి దాటని అక్కకు తట్టింది.

ఆ రోజు నుంచి ఆమె పొద్దున్నే చాట ముట్టకముందే పిల్లలకు తిండి వేసేది. సాయంత్రం పని ముగించాక సర్ఫుతో మోచేతుల దాకా కడుక్కుని, చీర మార్చుకుని వచ్చేది. తంబాకు ధూళి గదిలో ఎగరకుండా చాటను వెనక వసారాలోకి మార్చుకుంది. అక్కడ ఫ్యాను లేదు. ఏప్రిల్, మే నెలల ఎండలో రేకుల కింద కూర్చుని బీడీలు చేసింది. సాయంత్రం నేను వచ్చేసరికి ఆమె వీపు తడిసి ముద్దయి ఉండేది. చూశాను. ఒక ఫ్యాను తెచ్చి బిగించాలన్న ఆలోచన నాకు రాలేదు. గ్లాసుల గది చల్లగా ఉందని మాత్రం సంతోషించాను.

“ఇండ్ల పురుగులను పెంచుడేంది వదినె, నువ్వన్న చెప్పరాదు” అని నా భార్య మొదట్లో సణిగింది. తర్వాత ఆమె కూడా అక్క చెప్పే కబుర్లకు అలవాటు పడింది. ఇది ఇయ్యాల తినలే, కుబుసం ఇడుస్తదేమో. గది నన్ను సూసి తల తిప్పింది. అన్నం దగ్గర ఆడవాళ్లిద్దరికీ ఇవే మాటలు.

కుబుసం విడిచేటప్పుడు అవి తలకిందులుగా వేలాడతాయి. అప్పుడు కదిలిస్తే కింద పడి వంకర పోతాయి. ఆ సమయంలో అక్క ఇంట్లో ఎవరినీ గట్టిగా నడవనిచ్చేది కాదు. ఒకసారి పక్కింటాయనకు చూపిద్దామని నేను గుడ్డ తీశాను. అది పడింది. ముందు కాలు ఒకటి వంగిపోయి, ఈగను పట్టుకోలేక పోయింది. అక్క చీపురు పుల్ల కొసకు ఈగ ముక్కను గుచ్చి దాని నోటి దగ్గర పట్టుకునేది. అట్లా పన్నెండు రోజులు బతికించింది.

వానలు మొదలయ్యేసరికి ఏడు మిగిలాయి. మూడు ఆడవి, నాలుగు మగవి. ఆడవాటిలో ఒకటి నా అరచేయంత పొడుగుంది. లేత అరటాకు రంగు. దాన్ని అక్క డబ్బాలో పెట్టలేదు. కిటికీ తెర మీదే వదిలేసింది. అక్కడే ఉండేది, ఎటూ పోయేది కాదు. మనిషి ఎటు నడిస్తే అటు మెల్లగా తల తిప్పి చూసేది. “దొరసాని లెక్క సూస్తది” అన్నది అక్క. అప్పట్నుంచి అది దొరసాని అయింది. మా ఇంటెనక ఖాళీ ప్లాటు గడ్డిలో తిరిగి అక్క దానికోసం మిడతలను పట్టుకొచ్చేది. కొంగులో కట్టుకుని తెచ్చిన మిడతను రెండు వేళ్లతో పట్టుకుని చూపిస్తే, దొరసాని రెప్పపాటులో లాక్కునేది.

కాలేజీ స్టాఫ్ రూంలో నా పేరు మారుమోగింది అప్పుడే. ఎన్నడూ పెద్దగా పలకరించని వాళ్లు కూడా వచ్చి అడిగేవారు. ఒక రోజు ఫిజిక్స్ సారు, “ఆడది మగదాన్ని తింటదట గద సార్, నిజమేనా?” అన్నాడు. ఇంగ్లిష్ సారు పక్కన కూర్చుని నవ్వుతున్నాడు.

“ఆదివారం రండి. కండ్లతోని చూద్దురు” అన్నాను.

అట్లా అనేశానుగానీ, అది అన్నివేళలా జరగదని నాకు తెలుసు. అంతకు వారం ముందే అక్క ఇంకో జతను కలిపింది. ఆడదానికి రెండు మిడతలు పెట్టి, అది మూతి తుడుచుకున్నాక మగదాన్ని వదిలింది. మగది తన పని చూసుకుని, క్షేమంగా ఎగిరి గోడెక్కింది. అలాంటిది చూపిస్తే సార్లు ఏం చూస్తారు? గురువారం సాయంత్రం అక్క దగ్గరికి పోయాను.

“అక్కా, ఇయ్యాల్టి సంది దొరసానికి తిండి వెయ్యకు.”

“ఎందుకురా? దాని పానం మంచిగనే ఉన్నది గద.”

“ఆదివారం మా సార్లొస్తున్నరు. మగదాన్ని దాని తాన ఇడుస్త.”

“అయితే కడుపు నిండ పెట్టాలె. ఆకలి మీదుంటే గా మగది బతుకుతదా?”

“గదే చూపెట్టాలె.”

అక్క నా ముఖంలోకి చూసింది. “కావాల్నని సంపిస్తవా?”

“సైన్స్ అక్కా ఇది. నీకు తెల్వదు” అన్నాను.

ఆమె చాట ముందుకు లాక్కుంది. శుక్రవారం, శనివారం దొరసాని కిటికీ తెర మీద ఇటూ అటూ తిరిగింది. అక్క వచ్చినప్పుడల్లా ముందు కాళ్లు చాచింది. అక్క ఆ గదిలోకి రావడం తగ్గించుకుంది.

ఆదివారం పదకొండు గంటలకు ఫిజిక్స్ సారు, ఇంగ్లిష్ సారు వచ్చారు. పాత చేపల తొట్టి ఒకటి బల్ల మీద పెట్టి, అందులో ఒక కొమ్మ నిలబెట్టి, దొరసానిని దానిమీద ఉంచాను. మగదాన్ని రెండో కొసన వదిలాను. అది సన్నగా, గోధుమ రంగులో ఉంది. ఒక అడుగు వేసి ఆగేది. గాలికి ఆకు ఊగినట్టు ఊగేది. మళ్లీ ఇంకో అడుగు. దాదాపు ముప్పావుగంట అట్లాగే గడిచింది. ఇంగ్లిష్ సారు ఆవులించాడు. ఏమీ జరగకపోతే నవ్వులపాలవుతాననుకున్నాను.

అప్పుడు మగది ఎగిరి దొరసాని వీపు మీద వాలింది. మేం ముగ్గురం తొట్టి మీదికి వంగాం. కాసేపటికి దొరసాని వెనక్కు తిరిగి, ఒక ముందు కాలితో దాని మెడ పట్టుకుంది. తొందరపడలేదు. తలతో మొదలుపెట్టింది. తల పోయాక కూడా మగదాని శరీరం ఆ పని మీదే ఉంది.

“సార్, జర కామెంట్రీ చెప్పుండ్రి. గ్రూపుల పెడ్త” అని ఫిజిక్స్ సారు ఫోను తీశాడు.

నేను కలం పట్టుకుని గాజు మీద చూపిస్తూ మొదలుపెట్టాను. తల లేకపోయినా శరీరం ఎట్లా పనిచేస్తుంది, నాడుల ముడులు ఎక్కడెక్కడ ఉంటాయి, ఇవన్నీ క్లాసు గొంతుతో చెప్పాను. ఇంగ్లిష్ సారు, “ఇగ మొగోళ్లం జాగ్రత్తగుండాలె” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చింది. నా పాఠానికి ఎవరూ అట్లా నవ్వి ఎరుగరు. ఇంకొంచెం నవ్వించాలనిపించింది.

“మనోళ్లు దీన్నేమంటరో ఎర్కేనా సార్? మొగున్ని మింగిన ముండ అంటరు” అన్నాను.

వాళ్లు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే తల తిప్పితే గుమ్మంలో అక్క ఉంది. చేతిలో స్టీలు పళ్లెం, పళ్లెంలో మూడు చాయ కప్పులు.

ఆమె ఎంతసేపుగా అక్కడ ఉందో నాకు తెలియదు. లోపలికి వచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. ఫిజిక్స్ సారు చేతిలో ఫోను ఉంది కాబట్టి ఆయన కప్పును ఆయనకు అందేలా దగ్గరికి జరిపింది. “చక్కెర సాల్తదా సూడుండ్రి” అన్నది. వెళ్లిపోయింది.

ఫిజిక్స్ సారుకు మా అక్క సంగతి తెలుసు. నేనే చెప్పి ఉన్నాను, గొప్పగా. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. చాయ వేడి వేడిగానే తాగి ఇద్దరూ లేచారు.

ఆయన ఆ వీడియో ఎవరికీ పంపలేదు. కానీ ఇంగ్లిష్ సారు కూడా తీశాడని నాకు తెలియదు. ఆయన కొత్తగా చేరిన మనిషి, మా ఇంటి సంగతులేవీ తెలియవు. సాయంత్రానికల్లా అది స్టాఫ్ గ్రూపులో ఉంది. చివర్లో ఫోను కొంచెం పక్కకు తిరుగుతుంది. గుమ్మం, పళ్లెం అంచు, దాన్ని పట్టుకున్న గాజుల్లేని చెయ్యి కనిపిస్తాయి. అక్కడ ఆగిపోతుంది. కింద వరుసగా నవ్వు బొమ్మలు. అందరూ మెచ్చుకుంటుంటే నేను దాని కింద దండం బొమ్మ పెట్టాను. తీసెయ్యమని ఆ రోజు ఆయనకు చెప్పలేదు. చెబితే ఎందుకో చెప్పాలి.

నా భార్య వంటింట్లోంచి అంతా విన్నది. మంచం దుప్పటి మారుస్తూ అన్నది, “మీరన్నది నేను గూడ ఇన్న.”

“నోరు జారింది.”

“వదినె అత్త గూడ నోరు జారిందనుకుని, మీరు గప్పుడు ఆమెను మాఫ్ చెయ్యాల్సుండె గద.”

“రేపు అడుగుత లే, మాఫ్ చెయ్యమని” అన్నాను.

మర్నాడు పొద్దున అక్క కిటికీ దగ్గర నిలబడి దొరసానికి మిడతను అందిస్తోంది. వెనక నిలబడ్డాను. ఆమె తిరిగి చూసింది. “అక్కా, ఇంట్ల బెండకాయలున్నయా, తేవాల్నా?” అన్నాను. “ఉన్నయ్” అన్నది. అట్లా చాలా పొద్దులు గడిచాయి. ప్రతిరోజూ ఏదో ఒక కూరగాయ పేరుతో ఆగిపోయాను. ఆమె నాతో మాట్లాడటం మానలేదు. మానితే నాకు సులువయ్యేది. అన్నం పెట్టింది. చొక్కా గుండీ ఊడితే కుట్టింది. దొరసాని తెర మీద గుడ్ల గూడు పెట్టిన రోజు మాత్రం మునుపటిలా ఫోను చెయ్యలేదు. సాయంత్రం నేను వచ్చాక, “గుడ్లు పెట్టింది, సూసుకో” అన్నది.

గుడ్లు పెట్టిన పది రోజులకు అక్క వెళ్తానన్నది.

“పెద్దపల్లిల ఆడపిల్లల హాస్టల్ ఉన్నదట. వంటకు మనిషి కావాల్నట. మా బీడీల కాడి ఆమె చెప్పింది. ఆడనే ఉండుడు, తినుడు. పోత తమ్మీ.”

“ఈడ ఏం తక్కువైందక్కా?”

“ఏం తక్కువ కాలే.”

నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం. బస్టాండుకు బండి మీద దింపాను. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. సిమెంటు బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బస్సు సుల్తానాబాద్‌లో ఎంతసేపు ఆగుతుంది, కిటికీ పక్క సీటైతే గాలి ఎట్లా వస్తుంది, ఇలాంటివి మాట్లాడాను. బస్సు ఎక్కేముందు ఆమె, “గా గిలాసలు కడిగి పెట్టిన. తెల్ల గుడ్డలు బీరువ కింద అరల ఉన్నయ్” అన్నది.

దొరసాని సెప్టెంబరు చివర్లో చనిపోయింది. పొద్దున చూస్తే తెర కింద పడి ఉంది. చీమలు పట్టాయి. అక్కకు ఫోను చేసి చెప్పాను. “వయసైపోయింది గదరా” అన్నది. ఆ గూడులోంచి పిల్లలు వచ్చాక పెంచుదామని నేను గట్టిగానే ప్రయత్నించాను. గ్లాసులు, గుడ్డలు, మగ్గిన అరటిపండు, అన్నీ ఉన్నాయి. రోజుకు రెండు పూటలా వందకు పైగా గ్లాసులు తెరవడం ఎంత పనో అప్పుడు తెలిసింది. నాలుగో రోజుకు నడుము పట్టేసింది. ఏది తిన్నదో ఏది తినలేదో గుర్తుండేది కాదు. మిగిలినవాటిని తీసుకుపోయి కాలువ గట్టు మీద తుమ్మ పొదల్లో వదిలేశాను.

దీపావళి దాటాక పెద్దపల్లి పోయాను. హాస్టల్ వెనక వంటశాల. అక్క కత్తిపీట మీద కూర్చుని బీరకాయలు తరుగుతోంది. పిల్లలింకా బడి నుంచి రాలేదు. నన్ను చూసి స్టూలు జరిపింది. మామూలు మాటలు అయ్యాయి. అప్పుడు అన్నాను.

“అక్కా, గా ఆదివారం నేనన్న మాట...”

“ఏ మాట?”

“గదే. సార్ల ముంగట అన్నది.”

“ఏమన్నవ్?”

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నా నోటి నుంచి వినాలనుకుంది, అంతే. నేను ఆ మాట అనలేకపోయాను. ఫోనులోకి అంత తేలిగ్గా అన్న మాట, ఆమె ఎదురుగా కూర్చుని అడిగితే గొంతు దాటలేదు. బీరకాయ తొక్కల వైపు చూస్తూ కూర్చున్నాను.

అక్క ఇంకో బీరకాయ అందుకుంది. “గా మాట నాకు కొత్తది గాదురా. ఊర్లె మస్తు ఇన్న” అన్నది. కాయను అటు తిప్పి మళ్లీ కోసింది. “గని దాన్ని మూడొద్దులు ఉపాసం పెట్టింది నువ్వు. అది కాళ్లు సాపుతుంటే నేను మొకం దాసుకున్న. మింగిందన్న పేరేమో దానికా?”

తరిగిన ముక్కలను గిన్నెలోకి తోసింది.

“మీ బావను గూడ గంతే. ఇల్లు కట్టాలె, దుబాయ్ పోవాలె అని ఎంటవడ్డది మా అత్తనే. పోవద్దని నేను ఏడ్సిన. తోలినోళ్లకు ఏ పేరు రాలే. నాకొచ్చింది.”

ఈ సంగతి నాకు ఎన్నడూ తెలియదు. పన్నెండేళ్లు నా ఇంట్లో ఉంది. నేను ఆమెను ఎట్లా తెచ్చానో వందమందికి చెప్పాను గానీ, ఆమెను కూర్చోబెట్టి ఏం జరిగిందని ఒక్కసారి అడగలేదు.

“మాఫ్ చెయ్యక్కా” అన్నాను.

“మాఫ్ ఏముందిరా. పప్పయింది, అన్నం అయింది. తిని పో.”

తిన్నాను. రెండోసారి అన్నం ఆమే వడ్డించింది. మాఫ్ చేసిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఇంకోసారి అడగడానికి నోరు రాలేదు.

ఇంగ్లిష్ సారుతో మాట్లాడి గ్రూపులోంచి వీడియో తీయించాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. కానీ అప్పటికే అది పిల్లల ఫోన్లలోకి పోయింది. ఏటా కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు, “సార్, గా పురుగు వీడియోల మాట మీదేనా?” అని. నాదే అంటాను. వాళ్లు నవ్వుతారు. అది నవ్వే మాట కాదని మొదటి ఏడు చెప్పబోయాను. చెబుతుంటే అక్క కథ చెప్పాల్సి వస్తుందని, ఆమెను అడగకుండా మళ్లీ ఆమె గురించి నలుగురిలో మాట్లాడుతున్నానని తోచి, మధ్యలోనే ఆపేశాను. పిల్లలకేమీ అర్థం కాలేదు.

అక్క పండగలకు వస్తుంది. రెండు రోజులుండి పోతుంది. వచ్చేముందు ఫోను నా భార్యకు చేస్తుంది.

ఈ మధ్య ఆమెకు డెంగీ జ్వరం వచ్చింది. హాస్టల్ వాళ్లు పెద్దపల్లిలోనే ఆస్పత్రిలో చేర్పించారు. నా భార్య పొద్దున్నే పోయింది. నాకు కాలేజీ అయ్యాక తెలిసింది. నేను చేరేసరికి చీకటి పడుతోంది. అక్క సెలైను పెట్టిన చెయ్యి కదలకుండా పెట్టుకుని పడుకుంది. “గింత పొద్దువోయినంక ఎందుకొచ్చినవ్ రా” అన్నది. కాగితాలు పట్టుకుని వచ్చిన నర్సు, “మీరేమైతరు?” అని అడిగింది. తమ్ముణ్ణని చెప్పాను. ఆమె కాగితం తిప్పి చూసింది. సంబంధీకులు అన్న చోట నా భార్య పేరు, నంబరు రాసి ఉన్నాయి. “సరే, కూసోండ్రి” అని వెళ్లిపోయింది.

నేను బయటికి పోయి కొబ్బరి బొండం కొట్టించుకుని తెచ్చాను. అక్క సగం తాగి, మిగిలింది పక్క మంచం మీది పిల్లకు ఇవ్వమన్నది. ఇచ్చాను.